పికప్ మీద ఫ్లాట్‌బెడ్, పాప్-అప్ క్యాంపర్: అడ్వాన్స్ ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నారు, డబుల్ క్యాబ్ (వెనక సీట్లు కూడా ఉన్న) ఇసుజు వీ-క్రాస్ పికప్ ఉంది. వెనక తొట్టి తీసేసి ఫ్లాట్‌బెడ్ (పక్క గోడలు లేని చదును బల్ల) వేయించి, దాని మీద పైకప్పు లేచే పాప్-అప్ క్యాంపర్ (పడుకోవడానికి, వండుకోవడానికి వీలున్న చిన్న గది) బిగించాలని ఉంది. మీరిద్దరూ, పిల్లలిద్దరూ కలిసి హార్స్‌లీ హిల్స్, గండికోట, కొడగు తిరగాలి. పీణ్యలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపు వాళ్లు స్కెచ్ గీసిచ్చి అడ్వాన్స్ అడుగుతున్నారు. ఛాసిస్ తట్టుకుంటుందా, ఎలా బిగించాలి, ఆర్‌టీవోతో ఇబ్బంది ఉంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకండి. ముందు బండిని లారీలు తూచే కాటాకు తీసుకెళ్లండి. మీరు పంపిన స్కెచ్‌లో మంచం ఎక్కడ, స్టవ్ ఎక్కడ అన్నీ ఉన్నాయి గానీ, బరువు అంకె ఒక్కటి కూడా లేదు. ఎంత మందం షీటు వాడాలి, నీళ్ల ట్యాంకు ఎక్కడ పెట్టాలి, అసలు తొట్టి తీయాలా వద్దా అనేది బరువు తేలాకే చెప్పగలం.

మీ ఆర్‌సీలో రెండు అంకెలు ఉంటాయి: అన్‌లేడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు), గ్రాస్ వెహికల్ వెయిట్ (అన్నీ ఎక్కించాక ఉండదగిన మొత్తం బరువు). ఆ రెండింటి మధ్య తేడాలోనే మనుషులు, నీళ్లు, బట్టలు, క్యాంపర్, మీరు ఇప్పటికే వేయించిన బుల్ బార్, తొట్టి కవర్ అన్నీ ఇమడాలి. మీది తెల్ల బోర్డు సొంత బండి. అదే కంపెనీ సరుకు రవాణాకు అమ్మే సింగిల్ క్యాబ్ డీ-మ్యాక్స్ పెద్ద బరువు మోస్తుంది కదా, ఇదీ దాని తమ్ముడే కదా అని చాలామంది అనుకుంటారు. రెండూ మన శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచే వచ్చినా, మీ బండికి రాసిచ్చిన పరిమితి దానికన్నా చాలా తక్కువ. లెక్కకు తీసుకోవాల్సింది మీ ఆర్‌సీలోని అంకెనే.

కాటా వేయించే పద్ధతి ఒకటుంది. ట్యాంకు నిండా డీజిల్ పోయించి, మీ నలుగురూ కూర్చుని వెళ్లండి. మొదట ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీదికి ఎక్కించి ఒక చీటీ తీసుకోండి. తర్వాత బండి మొత్తం ఎక్కించి రెండో చీటీ. ఆ తర్వాత ముందు చక్రాలు దించి, వెనక చక్రాలతో మూడోది. ముందు, వెనక కలిపితే మొత్తంతో సరిపోవాలి. లారీల కాటాలు 5 లేదా 10 కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి ఆ కాస్త తేడా రావచ్చు. అంతకన్నా ఎక్కువ వస్తే ప్లాట్‌ఫాం పక్క నేల ఎత్తుపల్లాలుగా ఉందని అర్థం, ఇంకో కాటా వెతకండి. వెనక ఇరుసు ఎంత మోయగలదన్నది ఓనర్స్ మాన్యువల్లోనో, డోరు పక్కన ప్లేటు మీదో ఉంటుంది. గ్రాస్ వెయిట్ లోపలే ఉండి కూడా వెనక ఇరుసు దాటిపోయిన క్యాంపర్ బళ్లు నేను చాలా చూశాను.

ఇక సామాను లెక్క. లీటరు నీళ్లంటే కిలో, 60 లీటర్ల ట్యాంకంటే 60 కిలోలు. 5 కిలోల గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే ఇనుముతో కలిపి 12, 13 కిలోలు తూగుతుంది. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ 30 కిలోల దాకా ఉంటుంది, అదే కెపాసిటీ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోల దగ్గర తేలుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటీ 20 కిలోలకు పైనే. 3 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు 23.5 కిలోలు, అదే మందం అల్యూమినియం 8 కిలోలు. మీ బెడ్ సుమారు 1.6 మీటర్ల పొడవు, 1.75 మీటర్ల వెడల్పు అనుకుందాం. పై రేకు ఒక్కదానికే ఇనుమైతే 66 కిలోలు, అల్యూమినియమైతే 23. ఆ 43 కిలోలు మీ చిన్నమ్మాయి బరువుకన్నా ఎక్కువే ఉంటుంది. స్కెచ్ గీసిన వాళ్లను ప్రతి భాగానికీ ఇలాగే కిలోలు రాసివ్వమనండి. రాసివ్వలేమంటే ఆ షాపు గేట్లకు, గ్రిల్స్‌కు బాగుంటుందేమో గానీ ఈ పనికి వద్దు.

ఎంత బరువన్నది ఒక లెక్కయితే, ఎక్కడ ఉందన్నది ఇంకో లెక్క. వీ-క్రాస్ వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 3,095 మిల్లీమీటర్లు. 80 లీటర్ల ట్యాంకును వెనక ఇరుసుకు 300 మిల్లీమీటర్లు వెనకగా పెట్టారనుకోండి. వెనక ఇరుసు మీద 80 కాదు, 88 కిలోలు పడుతుంది. ముందు చక్రాల మీద నుంచి 8 కిలోలు లేచిపోతుంది. అదే ట్యాంకును ఇరుసుకు 600 మిల్లీమీటర్లు ముందుకు, క్యాబ్ వీపు దగ్గరికి జరిపితే వెనక 64, ముందు 16 పడుతుంది. నీళ్లు అవే, ట్యాంకు అదే, కానీ ఘాట్ రోడ్డు మలుపులో స్టీరింగ్ పట్టు మారిపోతుంది. అందుకే ట్యాంకు, బ్యాటరీ, గ్యాస్ లాంటి బరువైనవన్నీ కిందికీ, ముందుకీ పెట్టాలి. వెనక తలుపు పక్కన పరుపులు, బట్టలు, కుర్చీలు ఉండొచ్చు. మీ స్కెచ్‌లో వంటగట్టు, ట్యాంకు రెండూ వెనక అంచునే ఉన్నాయి. అది మార్చాలి.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నలుగురు మనుషులు, డబుల్ క్యాబ్, ఫ్లాట్‌బెడ్, పూర్తి క్యాంపర్: ఈ నాలుగూ మీ ఆర్‌సీ పరిమితిలో కలిసి ఇమడవని నా అంచనా. ఫ్లాట్‌బెడ్ వల్ల వచ్చే లాభం నేల వెడల్పు. తొట్టిలో చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొచ్చి నేలను ఇరుకు చేస్తాయి, ఫ్లాట్‌బెడ్ ఆ గూళ్లకు పైన ఉంటుంది కాబట్టి అంచు నుంచి అంచు దాకా వాడుకోవచ్చు, కింద పక్కల డబ్బాలు కట్టుకోవచ్చు. సింగిల్ క్యాబ్ బండికి రెండు మీటర్ల పైన పొడవు దొరుకుతుంది కాబట్టి అక్కడ ఇది నిజంగా కలిసొస్తుంది. మీ డబుల్ క్యాబ్‌కు వెనక దొరికేది ఒకటిన్నర మీటరు. దానికోసం తొట్టి తీసి, లైట్లు మార్చి, డీజిల్ మూత మార్చి, ఆర్‌టీవో చుట్టూ తిరగడం లాభసాటి కాదు. తొట్టి అలాగే ఉంచి, దాని పక్క గోడల మీద కూర్చునే తేలికైన పాప్-అప్ చేయించుకోండి. మంచం క్యాబ్ పైకి జరుగుతుంది, బరువూ ముందుకు వస్తుంది. పెద్దవాళ్లిద్దరూ పైన, పిల్లలిద్దరూ కింద తొట్టిలో పరుపు మీద పడుకోవచ్చు. పదేళ్ల లోపు పిల్లలకు ఒకటిన్నర మీటరు చాలు.

చట్టం కూడా ఇటే మొగ్గుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీం కోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. సరుకు బాడీ అంచులు దాటి పొడుచుకొస్తే 194వ సెక్షన్ కింద 20,000. తొట్టి పీకి ఫ్లాట్‌బెడ్ వేయడమంటే బాడీ మార్చినట్టే. దింపగలిగే క్యాంపర్ సామాను కిందికే వస్తుందని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన మీద మాత్రమే ఆధారపడమని నేను మీకు చెప్పను. డ్రాయింగు, బరువుల పట్టిక పట్టుకుని మీ ఆర్‌టీవో ఆఫీసుకు వెళ్లి రాతపూర్వకంగా అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ఫ్లాట్‌బెడ్డే కావాలని మనసులో గట్టిగా ఉంటే, ఫ్యాక్టరీ నుంచే ఫ్లాట్ డెక్‌తో గానీ, క్యాబ్-ఛాసిస్‌గా (వెనక బాడీ లేకుండా) గానీ వచ్చే సరుకు బండి కొనుక్కోవడం శుభ్రమైన దారి. పూర్తిగా కారవాన్‌గా రిజిస్టర్ చేయించాలంటే దానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, అప్పుడు ఆ ప్రమాణం ప్రకారం సర్టిఫికెట్ ఉన్న బిల్డర్ దగ్గరికే వెళ్లాలి. ఏ దారైనా సరే, బండి కదులుతున్నప్పుడు వెనక క్యాంపర్‌లో ఎవరూ ఉండకూడదు. పిల్లలు ఎంత మారాం చేసినా సరే.

ఛాసిస్ తట్టుకుంటుందా అని అడిగారు. పరిమితి లోపలున్న నిలువు బరువును తట్టుకుంటుంది, భయం లేదు. నాకు టెన్షన్ ఉండేది మెలిక విషయంలో. పికప్ ఛాసిస్ రెండు పొడవాటి పట్టాలు, వాటి మధ్య అడ్డ కడ్డీలు కలిసిన నిచ్చెన. గుంతల్లో అది మెలి తిరగాలి, అందుకే అలా చేశారు. మీరే చూడొచ్చు: మీ లేఅవుట్‌లో ఎత్తుగా ఉన్న ఒక హంప్ మీదికి బండిని వంకరగా, ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కేలా నిదానంగా పోనివ్వమనండి. పక్కన నిలబడి క్యాబ్‌కూ తొట్టికీ మధ్య సందును ఫోన్‌లో వీడియో తీయండి. ఒకవైపు పైమూల దగ్గర సందు ఇరుకవుతుంది, రెండో వైపు వెడల్పవుతుంది, హంప్ దిగగానే మళ్లీ సమానమవుతుంది. ఇప్పుడు ఆ ఛాసిస్ మీద ఏమాత్రం వంగని పెట్టెను ఆరు బోల్టులతో బిగించేస్తే ఆ కదలిక ఎక్కడికి పోతుంది? పెట్టె మూలలైనా చీలాలి, బోల్టు రంధ్రాలైనా సాగాలి, ఛాసిస్ అయినా పగలాలి.

నా దగ్గరికి వచ్చిన ఒక సరుకు పికప్‌లో ఛాసిస్సే పగిలింది. క్యాబ్ వెనక సరిగ్గా సబ్‌ఫ్రేమ్ (ఛాసిస్‌కూ పైన బెడ్‌కూ మధ్య వేసే చట్రం) మొదలయ్యే చోట, పట్టా పై అంచులో ఎవరో వేసిన రంధ్రం నుంచి సన్నటి తుప్పు గీత కిందికి దిగుతోంది. పెయింట్ మీద బురద ఆరి ఉండడంతో ఓనరు దాన్ని మరక అనుకున్నారు. వైర్ బ్రష్‌తో రుద్దితే గోరు దూరేంత సందు. లోపం రెండు చోట్ల ఉంది. పై అంచులో రంధ్రం వేయడం ఒకటి, సబ్‌ఫ్రేమ్ ముందు కొసను చతురస్రంగా నిలువుగా కోసి ఆపేయడం రెండోది. అలా కోస్తే వంగే ఒత్తిడంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది.

కాబట్టి ఫ్లాట్‌బెడ్ దారే పట్టేట్టయితే బిగింపు ఇలా ఉండాలి. సబ్‌ఫ్రేమ్ పొడవాటి కడ్డీలు ఛాసిస్ పట్టాల మీద పూర్తిగా ఆని ఉండాలి, మధ్యలో గట్టి రబ్బరో నైలాన్ పట్టీయో వేయాలి. ముందు కొసలు కింది నుంచి ఏటవాలుగా కోసి సన్నబడాలి. వెనక, ఇరుసుకు దగ్గరగా రెండు వైపులా కదలని బిగింపు. ముందు వైపు స్ప్రింగ్ బోల్టులు: బోల్టు కింద బలమైన కాయిల్ స్ప్రింగ్ ఉంటుంది, మెలిక వచ్చినప్పుడు సబ్‌ఫ్రేమ్ ఒక పక్క కాస్త లేచి, మళ్లీ కూర్చుంటుంది. పెద్ద లారీల మీద కట్టే క్యాంపర్లకు ముందు మధ్యలో ఒక్క కీలు మీద ఊగే, మూడు చోట్ల మాత్రమే ఆనే బిగింపు వాడతారు. మీ ఒకటిన్నర మీటరు పొడవుకు అది అవసరం లేదు, ముందు స్ప్రింగులు, వెనక గట్టి బిగింపు చాలు. ముందు కదలిక ఉంటుంది కాబట్టి క్యాబ్‌కూ క్యాంపర్‌కూ మధ్య, అలాగే క్యాబ్ పైన వేలాడే మంచం భాగం కింద, ఖాళీ వదలాలి. ఆ ఖాళీ ఎంతన్నది హంప్ వీడియోలో సందు ఎంత మారిందో కొలిచి, దానికి రెట్టింపు పెట్టుకోండి.

బోల్టు తలల మీద 8.8 అని (బలం గ్రేడు) ముద్ర ఉండాలి, నట్లు నైలాక్‌వి (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానివి) కావాలి. తొట్టి తీశాక దొరికే ఫ్యాక్టరీ రంధ్రాలనే వాడండి. కొత్త రంధ్రం తప్పనిసరైతే పట్టా నిలువు గోడలోనే వేయాలి, పై అంచులో, కింది అంచులో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఛాసిస్‌కు వెల్డింగ్ చేయనివ్వకండి. వెల్డింగ్ వేడికి ఆ పక్క ఇనుము గుణం మారిపోయి పగులు అక్కడే మొదలవుతుంది. బండి మీద ఉండగా బెడ్‌కు వెల్డింగ్ చేయాల్సి వచ్చినా, బ్యాటరీ రెండు టెర్మినళ్లూ తీసేసి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కనెక్టర్ కూడా ఊడదీసి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చోటికి దగ్గరగా పెట్టించండి. ఈ ఒక్క విషయంలో షాపులో మీరే నిలబడి చూసుకోవాలి.

తొట్టి తీస్తే డీజిల్ పోసే గొట్టం గాల్లో మిగులుతుంది. దాన్ని కొత్త బ్రాకెట్‌కు బిగించేటప్పుడు మూత నుంచి ట్యాంకు దాకా ఎక్కడా పల్లం రాకుండా ఏకధాటిగా కిందికి వాలాలి, పక్కనున్న సన్నటి గాలి గొట్టం నొక్కుకుపోకూడదు. లేకపోతే బంకులో ప్రతి రెండు లీటర్లకూ గన్ ఆగిపోతుంది. టెయిల్ లైట్లు, నంబర్ ప్లేట్ లైటు, రిఫ్లెక్టర్లు, రివర్స్ కెమెరా, మడ్ ఫ్లాప్‌లు అన్నీ మళ్లీ అమర్చాలి. బీఎస్6 బండి కాబట్టి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రమయ్యేటప్పుడు అందులో వేడి 600 డిగ్రీల దగ్గరికి పోతుంది. ఎగ్జాస్ట్ పైన ప్లైవుడ్ నేల, వైర్లు, నీళ్ల పైపు ఏవీ దగ్గరగా రాకూడదు, మధ్యలో గాలి ఆడేలా రేకు అడ్డం పెట్టాలి. సైలెన్సర్ కొస బెడ్ అంచు దాటి బయటికి రావాలి. లోపలికి తిరిగి ఉంటే పొగ నేరుగా పడకగదిలోకే చేరుతుంది.

అల్యూమినియం నేరుగా ఇనుముకు తగిలితే, వాన తడికి అల్యూమినియం తెల్లగా పొడిలా తినేసుకుపోతుంది. కలిసే ప్రతిచోటా నైలాన్ వాషరో రబ్బరు పట్టీయో వేయించండి.

పైకప్పు సంగతి. ముందు, వెనక మడత పలకలతో లేచే పద్ధతే మన రోడ్లకు నయం, కత్తెర జాకీల కీళ్లు కుదుపులకు త్వరగా వదులవుతాయి. ఖాళీ పైకప్పుతో కాదు, సోలార్ ప్యానెల్, ఫ్యాన్ బిగించాక తూచండి. మొత్తం 55 కిలోలైతే సుమారు 540 న్యూటన్లు. గ్యాస్ స్ట్రట్‌లు (కారు డిక్కీని లేపి పట్టే గొట్టాల్లాంటివి) అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే 80 శాతం మోసేలా ఎంచుకుంటే, మిగతాది మీరు చేత్తో లేపగలరు, దించేటప్పుడూ వేలాడాల్సిన పని ఉండదు. స్ట్రట్‌లో ఉన్నది గ్యాస్ కాబట్టి చలికి బలం తగ్గుతుంది. బెంగళూరు ఎండలో సులువుగా లేచిన కప్పు కొడగు చలిలో తెల్లవారుజామున బరువనిపిస్తుంది. కప్పు లేచాక లోపలి నుంచి పెట్టే లాకు పిన్నులు తప్పనిసరిగా ఉండాలి. బయటి లాచ్‌లు నాలుగూ వేశాకే బండి కదలాలి, ఆ పని ఇంట్లో ఒకరికే అప్పగించండి.

గోడ గుడ్డకు పీవీసీ పూత పాలిస్టర్ వాడితే వాన చుక్క కూడా రాదు, కానీ రాత్రి నలుగురి ఊపిరికి లోపల చెమ్మ కారుతుంది. పైన, కింద ఎదురెదురుగా దోమతెర కిటికీలు పెట్టించి, చలైనా రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి. కుట్టు మీద వేడితో అతికించే టేపు వేయాలి. తడిగా మడవక తప్పదు, మనకు అక్టోబరు సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఇంటికి రాగానే అదే రోజు కప్పు లేపి ఆరబెట్టాలి. రెండు రోజులు వదిలేస్తే నల్ల బూజు పడుతుంది, అది ఇక వదలదు.

గ్యాస్ గాలికన్నా బరువు. సిలిండర్‌ను లోపలి గదితో సంబంధం లేని డబ్బాలో పెట్టి, ఆ డబ్బా అడుగున బయటికి రంధ్రం ఇవ్వండి. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. క్యాంపర్ బ్యాటరీకి డీసీ-డీసీ ఛార్జర్ (బండి నడుస్తుండగా దాన్ని ఛార్జ్ చేసేది), బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఈ కరెంటు సామాను బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది.

వెనక కమాన్ కట్టకు ఒక పట్టీ అదనంగా వేయిస్తే చాలని మెకానిక్‌లు అంటారు. వెనక కుంగడం తగ్గుతుంది, నిజమే. ఆర్‌సీలో బరువు మాత్రం పెరగదు, బ్రేకులూ బలపడవు. క్యాంపర్ దింపి తిరిగే రోజుల్లో గట్టి కట్ట పిల్లలకు నరకం, అందుకే గాలి నింపి తీసే ఎయిర్ హెల్పర్లు మీకు మేలు. టైరు పక్కన లోడ్ ఇండెక్స్ చూసుకోండి: 108 అంటే టైరుకు 1,000 కిలోలు, 112 అంటే 1,120.

ఇంకొకటి, మీ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో బీము కిందికి, నీళ్ల పైపుల కిందికి, ర్యాంపు వంపు దగ్గర కూడా టేపుతో కొలవండి. పాప్-అప్ మూసి ఉన్నా ఎత్తు మామూలు బండి కన్నా గణనీయంగా పెరుగుతుంది. అక్కడ పట్టకపోతే క్యాంపర్ దింపి నిలబెట్టే కాళ్లు, వాటికో చోటు ముందే చూసుకోవాలి.

కాటా చీటీలు మూడూ, ఆర్‌సీలోని రెండు అంకెలూ, వెనక ఇరుసు పరిమితీ, హంప్ వీడియో ఇక్కడ పెట్టండి. తొట్టి ఉంచి చేస్తే క్యాంపర్‌కు ఎన్ని కిలోలు మిగులుతాయో, ట్యాంకు 60 లీటర్లదా 40 లీటర్లదా, అది ఎక్కడ కూర్చోవాలో లెక్క వేసి చెబుతాను. ఆ కాగితం తీసుకుని పీణ్య వెళ్లండి.